ఫోన్‌లోని వాయిస్ రికార్డర్‌తో మూడేళ్ళ ఇంగ్లీషు సాధన

ఇంగ్లీషు నేర్పే యాప్‌ల మీద సమీక్షలు చాలానే ఉన్నాయి. నేను రాస్తున్నది మీ ఫోన్‌లో ఇప్పటికే ఉన్న యాప్ గురించి, వాయిస్ రికార్డర్ గురించి. 2022 నవంబరులో మొదలుపెట్టాను. జ్వరాలు, పెళ్ళిళ్ళు, మార్చి నెలాఖరు పనులు తీసేస్తే, వారానికి నాలుగు రోజులకు తగ్గకుండా వాడుతూనే ఉన్నాను. లాంగ్ నోట్‌బుక్కులకు తప్ప రూపాయి ఖర్చు కాలేదు.

నా చదువు సూర్యాపేట దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో, తెలుగు మీడియంలో సాగింది. తర్వాత బీకాం. ఇప్పుడు నాకు 41 ఏళ్ళు, హైదరాబాద్‌లో ఒక విత్తనాల కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. ఇంగ్లీషు చదవడం నాకెప్పుడూ ఇబ్బంది కాలేదు. జీఎస్టీ నోటీసు వస్తే మా సెక్షన్‌లో నా దగ్గరికే తెస్తారు. నోరు విప్పాలంటేనే టెన్షన్. పుణె నుంచి ఆడిటర్లు ఫోన్ చేస్తే, జవాబు నా ముందు స్క్రీన్ మీదే ఉన్నా, "ఎస్ సార్, విల్ సెండ్ సార్" అని పెట్టేసి అదంతా మెయిల్లో రాసి పంపేదాన్ని. రెండు మాటల్లో తేలిపోయేదానికి గంట పట్టేది.

అంతకుముందు అమీర్‌పేటలో ఒక స్పోకెన్ ఇంగ్లీషు కోర్సుకి రెండు నెలలు వెళ్ళాను. టెన్సులన్నీ పట్టిక వేసి చెప్పారు, నేను శ్రద్ధగా రాసుకున్నాను. నలభై మంది ఉన్న క్లాసులో మాట్లాడే వంతు వారానికోసారి కూడా వచ్చేది కాదు. వచ్చినప్పుడు సార్ తప్పు దిద్దేవారు, నేను సరే అనేదాన్ని, మెట్లు దిగేలోపే మళ్ళీ అదే తప్పు మాట్లాడేదాన్ని. నా తప్పు నా చెవిన పడటం లేదన్న సంగతి అప్పటికి నాకు తెలియదు. మాట్లాడేటప్పుడు మనసంతా తర్వాతి మాట వెతుక్కోవడం మీదే ఉంటుంది. అయిపోయిన మాట ఎలా వచ్చిందో చూసుకునే తీరిక ఎక్కడిది?

మా అక్క కొడుకు విదేశాల్లో చదువు కోసం ఐఈఎల్‌టీఎస్‌కి తయారవుతుంటే ఈ పద్ధతి నా కంట పడింది. ఆ పరీక్షలో మాట్లాడే విభాగం 11 నుంచి 14 నిమిషాలు ఉంటుంది. అందులో రెండో భాగంలో చేతికి ఒక కార్డు ఇస్తారు. మీకు సాయం చేసిన మనిషి గురించి చెప్పండి, మీకు నచ్చిన ఊరి గురించి చెప్పండి, ఇలాంటివి. ఒక నిమిషం ఆలోచించుకోవచ్చు, కాగితం మీద గుర్తులు రాసుకోవచ్చు. ఆ తర్వాత ఒకటి నుంచి రెండు నిమిషాలు మాట్లాడాలి. వాడు రోజూ గదిలో కూర్చుని ఫోన్‌లో రికార్డు చేసుకునేవాడు. వాడు వెళ్ళిపోయాక ఆ కార్డుల కట్ట నేను తెచ్చుకున్నాను. నాకు పరీక్ష అవసరం లేదు, కార్డులు కావాలంతే.

నేను దానికి ఒక పని కలిపాను. రికార్డు చేసింది వినడంతో ఆపను, మాట మాటా నోట్‌బుక్కులో రాస్తాను. "ఆఁ" అన్నది, ఆగింది, ఒకే మాట రెండుసార్లు అన్నది, అన్నీ. ఆ రోజుకి అంతే. మర్నాడు ఎర్ర పెన్నుతో దిద్దుతాను. దిద్దాక అదే కార్డు మీద కాగితం చూడకుండా మళ్ళీ మాట్లాడతాను. మొదటి రోజు రెండు నిమిషాల మాట రాయడానికి నలభై నిమిషాలు పట్టింది. ఇప్పుడు పదిహేను పడుతుంది. ఈ రాయడం బద్ధకించి వదిలేస్తే రికార్డర్ వల్ల పెద్ద లాభం లేదు. 2023లో రెండు నెలలు నేను అలాగే వదిలేశాను. ఊరికే రికార్డు చేసి వినేదాన్ని. తప్పులు ఒక్కటీ తగ్గలేదు.

మొదటి వారం మీ గొంతు మీకే నచ్చదు. నాకైతే ఇది నేనేనా అనిపించింది. మనం మాట్లాడేటప్పుడు మన గొంతు గాలిలోంచే కాక తల ఎముకల్లోంచి కూడా చెవికి చేరుతుంది, అందుకే మనకు నిండుగా వినిపిస్తుంది. రికార్డింగ్‌లో ఆ రెండోది ఉండదు. మిగతావాళ్ళు ఎప్పుడూ వినేది ఆ గొంతే. ఇది తెలిశాక నాకు మనసు కుదుటపడింది. పదిరోజులకి అలవాటైపోయింది.

నా మొట్టమొదటి ఫైలు ఇప్పటికీ ఉంది. సాయం చేసిన మనిషి అన్న కార్డు. ఇంటర్లో నాకు కాలేజీ ఫీజు కట్టిన మా మేనమామ గురించి చెప్పాను. నోట్‌బుక్కులో ఉన్నది ఉన్నట్టు ఇది: "మై అంకుల్ ఈజ్ వెరీ గుడ్ పర్సన్. హి ఈజ్ హ్యావింగ్ టూ బఫెలోస్ దట్ టైమ్. మై ఫాదర్ టోల్డ్ దట్ ఐ కాంట్ పే ఫీజ్. దెన్ మై అంకుల్ టోల్డ్ దట్ ఐ విల్ పే. హి సోల్డ్ వన్ బఫెలో."

పక్కన హోంవర్క్ చేసుకుంటున్న మా అమ్మాయి విని, "అమ్మా, ఇంతకీ ఫీజు కట్టింది నువ్వా, తాతయ్యా?" అని అడిగింది. నాకు వెంటనే అర్థం కాలేదు. తాతయ్యే, అంటే మా మామయ్యే అని చెప్తున్నాగా అన్నాను. మళ్ళీ విన్నాం. అప్పుడు తెలిసింది.

తెలుగులో "మామయ్య నేను కడతానన్నాడు" అంటే ఎవరికీ అనుమానం రాదు. "అని" అన్నది ఒకటి ఉంది కాబట్టి, ఎవరి మాట వాళ్ళ నోట్లో ఉన్నట్టే చెప్పేస్తాం. నేను అన్నది మామయ్య. ఇంగ్లీషులో "సెడ్ దట్" అని మొదలుపెట్టాక, "ఐ" అంటే ఇప్పుడు మాట్లాడుతున్న మనిషే. అందుకని మనిషిని మార్చాలి, కాలాన్నీ ఒక మెట్టు వెనక్కి జరపాలి: "మై ఫాదర్ సెడ్ హి కుడ్‌న్ట్ పే. మై అంకుల్ సెడ్ హి వుడ్ పే." "టోల్డ్" అంటే ఎవరికి చెప్పాడో కూడా చెప్పాలి, "టోల్డ్ మి" అని. ఈ సూత్రం నేను బళ్ళో డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ స్పీచ్ పేరుతో చదివి మార్కులు తెచ్చుకున్నదే! నోట్లోకి మాత్రం ఎప్పుడూ రాలేదు.

ఆ రాత్రి చాలాసేపు ఆఫీసు ఫోన్లే గుర్తొచ్చాయి. మా పనిలో సగం మాటలు ఒకరు అన్నది ఇంకొకరికి చెప్పడమే. గోడౌన్ వాళ్ళు పంపుతామన్నారు, బ్యాంకు వాళ్ళు రేపు చెప్తామన్నారు. "గోడౌన్ మేనేజర్ టోల్డ్ దట్ ఐ విల్ సెండ్" అని నేను ఎన్నిసార్లు అన్నానో. ఒకసారి స్టాక్ స్టేట్‌మెంట్ నేనే పంపుతానని ఆడిటర్లు వారం రోజులు ఎదురుచూసి, ఎందుకు పంపలేదని మెయిల్ పెట్టారు. వాళ్ళకు నేను చెప్పింది అదే మరి.

మర్నాటి నుంచి తప్పుల్ని ఖాతాలుగా పెట్టుకున్నాను. లెడ్జర్ రాసే చెయ్యి కదా. "అన్నాడు" ఖాతా ఒకటి, ఆర్టికల్స్ ఒకటి, గడిచిన కాలం ఒకటి, ప్రశ్నలు ఒకటి. దిద్దిన ప్రతి తప్పూ దాని ఖాతాలో పడుతుంది. నెలాఖరుకి కూడితే ఏది బరువో తెలుస్తుంది. వచ్చే నెల దాని మీదే పని. అన్నీ ఒకేసారి సరిచేద్దామనుకుంటే నోరు పెగలదు. నేను ప్రయత్నించి చూశాను.

ప్రశ్నల ఖాతా అన్నిటికంటే తొందరగా మూసేశాను. మనం తెలుగులో మాట చివర సాగదీస్తే ప్రశ్న అయిపోతుంది, అందింది అంటే అందిందా అని. అందుకే "డిడ్" పెట్టాలని గుర్తొచ్చినా, వెనక మాటను అలాగే వదిలేసి "డిడ్ యు రిసీవ్డ్" అనేస్తాం. గడిచిన కాలం "డిడ్"లోకి వెళ్ళిపోయింది, ఇక వెనక "రిసీవ్" చాలు. రెండు నెలల్లో వచ్చేసింది.

"చూశాను" మాత్రం ఏడాది పట్టింది. మనకు ఒక్క చూశాను సరిపోతుంది. వాళ్ళకు "సా" వేరు, "హ్యావ్ సీన్" వేరు. నిన్న, పోయిన వారం, మార్చిలో అని అయిపోయిన సమయం ఏదైనా చెప్తే "సా". సమయం చెప్పకుండా, ఇప్పటికి ఆ పని అయి ఉంది అని చెప్పడానికి "హ్యావ్ సీన్". నేను "ఐ హ్యావ్ సెంట్ ద ఫైల్ యెస్టర్డే" అని వారానికి మూడుసార్లు అనేదాన్నని నోట్‌బుక్కే చెప్పింది.

ఆర్టికల్స్ ఖాతా ఇప్పటికీ తెరిచే ఉంది. తెలుగులో అవి లేవు కదా, మన చెవికి ఆ లోటు తెలియదు. నాకు పనికొచ్చిన కొండగుర్తు ఒకటి చెప్తాను. "ఏ చెక్కు?" అని అవతలి మనిషి అడగాల్సిన పని లేకపోతే "ద చెక్". మొదటిసారి ప్రస్తావిస్తుంటే "ఎ చెక్". దీనికి అందని చోట్లు బోలెడున్నాయి, అయినా ఆఫీసు మాటల్లో చాలావరకు నడిచిపోతుంది.

ఉచ్చారణ దగ్గర రికార్డర్ మొహమాటం లేకుండా చెప్పేస్తుంది. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. అందుకే నేను ప్రతి మాటకీ ఒక ఉకారం తగిలిస్తున్నాను, బ్యాంకు, లెడ్జరు, చెక్కు అని. మొదట్లో ఎ ఉంటే యె, ఒ ఉంటే వొ అవుతోంది: "యెవ్రీ", "వోన్లీ". "ఆస్క్‌ట్" అనాల్సింది "ఆస్కెడ్" అంటున్నాను. ఆ చివరి ముక్క ఒకచోట ట్, ఒకచోట డ్, "ఆడిటెడ్" లాంటి మాటల్లో మాత్రమే ఎడ్ అని నాకు ఎవరూ చెప్పలేదు. అనుకరించడానికి బీబీసీ లెర్నింగ్ ఇంగ్లిష్ వాళ్ళ సిక్స్ మినిట్ ఇంగ్లిష్ పెట్టుకున్నాను. 1943 నుంచి ఇంగ్లీషు నేర్పుతున్న సంస్థ అది. ఈ కార్యక్రమంలో ఇద్దరు కూర్చుని ఒక విషయం మాట్లాడుకుంటారు, మొదట్లో ఒక ప్రశ్న వేసి చివర్లో జవాబు చెప్తారు, మధ్యలో ఆరు కొత్త మాటలు వస్తాయి. మాట్లాడిందంతా రాతలో కూడా ఉచితంగా దొరుకుతుంది. ఒక నిమిషం ముక్క తీసుకుని, వాళ్ళతో పాటు చదివి రికార్డు చేసి, రెండూ ఒకదాని తర్వాత ఒకటి వింటాను. వాళ్ళ యాస నాకు అక్కర్లేదు. ఏ మాట మీద ఊనాలో, ఏది తేల్చేయాలో తెలిస్తే చాలు.

ఇక లోపాలు. రికార్డర్ తప్పు పట్టదు. నేను ఎర్ర పెన్నుతో దిద్దిందే తప్పయితే అది అలాగే పాతుకుపోతుంది. "డిస్కస్ అబౌట్" అన్నది సరైనదే అనుకుని ఆరు నెలలు వదిలేశాను. డిస్కస్ పక్కన అబౌట్ రాదని నిఘంటువులో ఉదాహరణ చూశాక తెలిసింది. ఇప్పుడు అనుమానం ఉన్న వాక్యాలు ఏఐ యాప్‌లో టైపు చేసి, ఎందుకు తప్పో అడుగుతాను. ఆ యాప్‌తో నోటితో మాట్లాడటం కూడా నాలుగు నెలలు చేశాను. బిడియం పోగొట్టడానికి చాలా మంచిది. అది దిద్దిన వాక్యం మాత్రం మాటల్లో కొట్టుకుపోయేది, నాకు నిలవలేదు. చేత్తో రాస్తేనే నిలుస్తోంది.

రికార్డర్ ఎదురు ప్రశ్న కూడా వెయ్యదు. ఫోన్‌లో అవతలివాళ్ళు మధ్యలో అందుకుంటే ఏం చెయ్యాలో ఒంటరి సాధనలో రాదు. అది నాకు ఆఫీసు క్యాబ్‌లో వచ్చింది. కేరళ నుంచి వచ్చిన ఒకమ్మాయి మాతో ఎక్కుతుంది. తనకు తెలుగు నేర్చుకోవాలని ఉంది. ఇరవై నిమిషాలు ఇంగ్లీషు, ఇరవై నిమిషాలు తెలుగు అని ఒప్పందం చేసుకున్నాం. తన తెలుగు తప్పులు నేను నవ్వకుండా దిద్దుతుంటే, నా తప్పులకు సిగ్గుపడటం దానంతటదే తగ్గిపోయింది.

పోయిన మార్చిలో కోల్డ్ స్టోరేజీ యంత్రం తరుగుదల లెక్క మీద ఆడిటర్లు ఫోన్ చేశారు. మెయిల్ పెడతాననబోయి ఆగి, మొదటి నుంచి చెప్పాను. ఎప్పుడు కొన్నాం, ఎప్పుడు వాడకంలోకి వచ్చింది, గోడౌన్ మేనేజర్ ఏమన్నాడు. నాలుగు నిమిషాలు. రెండు చోట్ల ఆర్టికల్ మింగేశానని పెట్టేశాక గుర్తొచ్చింది. "ఓకే, క్లియర్" అన్నారు. ఆ రోజు మెయిల్ రాయాల్సిన పని పడలేదు.

చదవడం వచ్చి నోరు రానివాళ్ళకి ఇది సరిగ్గా సరిపోతుంది. చిన్న వాక్యాలు కూడా ఇంకా పట్టుబడనివాళ్ళు ముందు ఎవరి దగ్గరైనా మొదలుపెట్టడం మంచిది, లేకపోతే రాసుకోవడానికే ఏమీ ఉండదు. ఫోన్ నోటికి జానెడు దూరంలో పెట్టండి. ఇంట్లో కుక్కర్ విజిళ్ళు, టీవీ ఉంటాయి కాబట్టి నేను డాబా మీద వాటర్ ట్యాంకు పక్కన కూర్చుంటాను. ఫైలుకి తేదీ పేరు పెట్టండి. మొదటి ఫైలు ఎంత అధ్వానంగా ఉన్నా చెరిపేయొద్దు.

ఈ సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అదే మొదటి కార్డు మీద మళ్ళీ మాట్లాడి, రెండు ఫైళ్ళూ మామయ్యకి వినిపించాను. ఆయనకు ఇంగ్లీషు రాదు. అంకుల్ అన్న మాట పట్టుకుని, నా గురించి ఏం చెప్పావే అని అడిగాడు.

"నేను కడతానన్నావని చెప్పాను మామయ్యా."

ఇంకోసారి పెట్టమన్నాడు.