డ్రై క్లచ్ ఆటోమేటిక్: లక్ష కిలోమీటర్లు దాటాక నా మాట

కారు పేరు చెప్పను, ఎందుకంటే ఇది కారు గురించి కంటే దాని గేర్‌బాక్స్ గురించి రాస్తున్న సమీక్ష. చిన్న టర్బో పెట్రోల్ ఇంజన్, దానికి ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్, అందులోనూ డ్రై క్లచ్ రకం. కొత్తగా కొన్నవాళ్లు నెల తిరక్కుండానే దీన్ని ఆకాశానికెత్తేస్తారు, మూడో ఏడు వచ్చేసరికి వాళ్లలోనే సగం మంది తిట్టడం మొదలుపెడతారు. నా లెక్కలో రెండూ నిజమే. తేడా అంతా మీరు ఎలాంటి రోడ్ల మీద నడుపుతారు, మీ కుడికాలు బ్రేకుకీ యాక్సిలరేటర్‌కీ మధ్య ఏం చేస్తుంది అన్నదాంట్లో ఉంది.

మంచి ముందు చెబుతాను, చాలానే ఉంది కాబట్టి. బేసి గేర్లు ఒక క్లచ్ మీద, సరి గేర్లు ఇంకో క్లచ్ మీద ఉంటాయి. మూడులో పోతుండగానే నాలుగు సిద్ధంగా పడి ఉంటుంది, ఒక క్లచ్ వదలడం రెండోది పట్టుకోవడం, అంతే పని. గేరు మారిందని చెవికి తెలుస్తుంది, ఒంటికి తెలియదు. ఓవర్‌టేక్ చేసేటప్పుడు కాలు గట్టిగా నొక్కితే రెండు గేర్లు దిగి కారు ముందుకు దూకుతుంది, ఆ హుషారు ఇప్పటికీ తగ్గలేదు. ఈ టెక్నాలజీని పోర్షే 1980లలోనే 956, 962 రేసు కార్లలో వాడి చూసింది. మామూలు జనం కొనుక్కునే కారులోకి మొదట వచ్చింది 2003లో, ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఆర్32తో. ఆ గేర్‌బాక్స్ వెట్ క్లచ్‌ది, అంటే క్లచ్ ప్లేట్లు నూనెలో మునిగి తిరుగుతాయి, పుట్టిన వేడిని నూనె పట్టుకుపోతుంది. అదే కంపెనీ 2008లో ఏడు గేర్ల డ్రై క్లచ్‌ది తెచ్చింది. నూనెను చిలకాల్సిన పని లేదు కాబట్టి శక్తి వృథా తక్కువ, మైలేజ్ ఎక్కువ. కానీ మోయగలిగిన టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం, 250 న్యూటన్ మీటర్లే, పైగా వేడి పోవాలంటే చుట్టూ ఉన్న గాలే దిక్కు.

అసలు తంటా అంతా ఆ వేడితోనే. బ్రేకు మీద నుంచి కాలు తీస్తే ఆటోమేటిక్ కారు మెల్లగా ముందుకు పాకుతుంది కదా, క్లచ్ బదులు టార్క్ కన్వర్టర్ ఉన్న ఆటోమేటిక్ కారులో ఆ పని నూనె చేస్తుంది, అందులో అరిగేదేమీ లేదు. ఇక్కడ మాత్రం క్లచ్‌ని సగం పట్టించి పాకిస్తారు, అంటే హాఫ్ క్లచ్. మాన్యువల్ కారులో మీరు అరగంట హాఫ్ క్లచ్ మీద నడిపితే పక్కన కూర్చున్నవాళ్లే ఊరుకోరు. ఇక్కడ కాలి కింద పెడల్ లేదు, ఆ పని కంప్యూటర్ చేస్తోంది, కాబట్టి ఎవరికీ కనబడదు. అరిగేది మాత్రం అరుగుతూనే ఉంటుంది.

నా కారులో మొదట తెలిసింది ఒకటి నుంచి రెండుకి మారే చోట. బాగా వేడెక్కిన రోజు, ట్రాఫిక్‌లో నుంచి బయటపడి కాస్త కదిలేలోపు, స్టీరింగ్ కింద నుంచి సీటు దాకా సన్నగా వణుకు. చల్లగా ఉన్నప్పుడు ఏమీ ఉండదు, అందుకే సర్వీసు సెంటర్‌కి తీసుకెళ్లిన ప్రతిసారీ కారు బుద్ధిగా నడిచేది, వాళ్లు "ఈ గేర్‌బాక్స్ లక్షణమే అంత సార్" అనేవారు. తర్వాత కంప్యూటర్ తగిలించి క్లచ్ పట్టే బిందువును మళ్లీ నేర్పించారు, అడాప్టేషన్ రీసెట్ అంటారు దాన్ని. కొన్నాళ్లు బాగుంది, మళ్లీ మామూలే. చివరికి క్లచ్ ప్యాక్ మొత్తం మార్చారు. ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే బిల్లు తడిసి మోపెడయ్యేది. ఈ రకం గేర్‌బాక్స్ కొనేవాళ్లు సన్‌రూఫ్ వదులుకున్నా ఆ వారంటీ మాత్రం వదులుకోకండి.

కొత్త క్లచ్ వచ్చాక నడిపే పద్ధతి మార్చాను. ముందు బండి రెండడుగులు కదలగానే నేనూ రెండడుగులు కదలడం మానేశాను. కాస్త ఖాళీ ఏర్పడనిచ్చి, అప్పుడు క్లచ్ పూర్తిగా పట్టేంత వేగంతో కదిలి, మళ్లీ బ్రేకు గట్టిగా నొక్కి ఆగుతాను. చాలా వాటిలో బ్రేకు సరిగ్గా నొక్కితే క్లచ్ దానంతటదే వదిలేస్తుంది, సిగ్నల్ దగ్గర న్యూట్రల్‌లోకి వేయక్కర్లేదు. బ్రేకు మీద కాలు అలా ఆనీ ఆనకుండా పెట్టి నిలబడితేనే చిక్కు. వెనకవాడు హారన్ కొడతాడు, కొట్టుకోనీ. నత్తనడక ట్రాఫిక్‌లో అయితే మాన్యువల్ మోడ్‌లో ఒకటో గేరులోనే ఉంచేస్తాను, లేకపోతే ఒకటి రెండు, రెండు ఒకటి అంటూ అది ఎటూ తేల్చుకోలేక కొట్టుకుంటుంది.

ఎత్తు మీద యాక్సిలరేటర్‌తో కారును ఆపి ఉంచడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. బ్రేకు ఉంది, కాలు తీసినా బ్రేకు పట్టి ఉంచే ఆటో హోల్డ్ ఉంది, వాడండి. రివర్స్‌లో ర్యాంప్ ఎక్కించడం దీనికి అగ్నిపరీక్ష. అంగుళం అంగుళం ఎక్కిస్తే రెండు నిమిషాల్లో కాలిన వాసన వస్తుంది. ఒక్క ఊపులో ఎక్కించాలి, లేదా ముందుకే ఎక్కి పైన తిప్పుకోవాలి.

ఇంజన్ గురించి పెద్దగా ఫిర్యాదు లేదు. ఇంధనాన్ని నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే చిన్న టర్బో ఇంజన్లను, పై గేరులో తక్కువ ఆర్‌పీఎం మీద ఉన్నప్పుడు గట్టిగా తొక్కితే, స్పార్క్ పడకముందే మిశ్రమం మండిపోయి పిస్టన్‌కే ఎసరు రావచ్చు. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ (ఏపీఐ) నుంచి 2018లో వచ్చిన ఎస్ఎన్ ప్లస్, 2020లో వచ్చిన ఎస్‌పీ గ్రేడ్ ఇంజన్ ఆయిల్ ప్రమాణాల్లో దీనికి పరీక్ష చేర్చారు. డబ్బా మీద ఆ అక్షరాలు చూసి కొనడానికి అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషం పెట్టనివాళ్లే గంటలు గంటలు ఏ బ్రాండ్ గొప్పదని వాదించుకుంటారు, అది వేరే సంగతి.

మిగతా కారు బాగుంది. సీట్లు ఇంకా కుంగలేదు. ఏసీ మీటలన్నీ టచ్ స్క్రీన్‌లో దాచేశారు, దానికి మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఇండికేటర్, వైపర్, హారన్ లాంటి వాటికి విడి మీటలు ఉండాలని, కార్ల భద్రతకు మార్కులిచ్చే యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి మార్కులు ముడిపెట్టింది, ఆ జాబితాలో ఏసీ కూడా ఉంటే బాగుండేది.

మళ్లీ కొంటానా? రోజూ హైవే మీద తిరిగేవాడినైతే కళ్లు మూసుకుని కొంటాను. నేను నడిపేది సగం పైన ట్రాఫిక్‌లోనే, కాబట్టి తర్వాతి కారు టార్క్ కన్వర్టర్‌దే. రెండూ కలిపి తిరిగేవాళ్లు, డ్యూయల్ క్లచ్చే కావాలనుకుంటే, వెట్ రకం చూడండి. దానికి కంపెనీ చెప్పిన గడువుకి గేర్‌బాక్స్ ఆయిల్ మార్చాలి, ఆ ఖర్చు ముందే లెక్కేసుకోండి. సెకండ్ హ్యాండ్‌లో డ్రై క్లచ్‌ది చూస్తుంటే, అమ్మేవాళ్లు చూపించే ఖాళీ రోడ్డు టెస్ట్ డ్రైవ్ నమ్మకండి. అరగంట ట్రాఫిక్‌లో నడిపి, వేడెక్కాక ఎత్తు మీదికి రివర్స్ చేయించండి. వణికిందా, క్లచ్ మార్చడానికయ్యే డబ్బు ధరలో తగ్గించమనండి. తగ్గించనంటే తాళం ఇచ్చి వచ్చేయండి.