సముద్రం దగ్గర డాగ్ పార్క్‌కి ఏడాది డబ్బు ముందే కట్టకండి, మా చిట్టికి ఏమైందో చదవండి

మా చిట్టి నాలుగేళ్ల లాబ్రడార్. లీష్ లేకుండా మనసారా పరుగెత్తే చోటు కావాలని ఎన్నాళ్లుగానో వెతికి, చివరికి సముద్రానికి దగ్గరలో ఉన్న ఒక ప్రైవేట్ డాగ్ పార్క్‌లో ఏడాది సభ్యత్వం తీసుకున్నాను. మొత్తం నాలుగే నాలుగుసార్లు వెళ్లాం. నాలుగోసారి చిట్టి వడదెబ్బతో ఆస్పత్రిలో చేరింది. అది కోలుకుని రెండు వారాలు తిరక్కముందే పిడుదుల (టిక్స్) వల్ల వచ్చే టిక్ ఫీవర్. కట్టిన డబ్బులో ఒక్క రూపాయి వెనక్కి రాలేదు. ఆ పార్క్ పేరు ఇక్కడ రాయను. అదొక్కటే అయితే రాసి ఊరుకునేదాన్ని. వేడి ఎక్కువగా ఉండే సముద్ర తీరాల్లో ఇదే పద్ధతిలో కట్టిన పార్కులు ఇంకా ఉంటాయి, వాటి ప్రకటనలూ ఇలాగే కళ్లకు ఇంపుగా ఉంటాయి.

ముందు ఫోటోల సంగతి చెప్తాను, ఎందుకంటే నేను మోసపోయింది అక్కడే. పచ్చటి గడ్డి, వెనకాల నీలం సముద్రం, నాలుక వేలాడేసుకుని పరుగెత్తే కుక్కలు. ఆస్పత్రిలో ఆ రాత్రి కూర్చుని అవే ఫోటోలు మళ్లీ చూశాను. ప్రతి ఫోటోలోనూ నీడలు పొడుగ్గా పడి ఉన్నాయి. అంటే తెల్లవారగానే తీసినవో, పొద్దు వాలాక తీసినవో. పోనీ ఆ నీడలు దేనివా అని చూస్తే కంచె స్తంభాలవి. ఒక్క చెట్టు లేదు. డబ్బు కట్టేముందు ఫోన్‌లో "నీడ ఉందా?" అని అడిగితే "ఉందండీ" అన్నారు. ఉంది, మనుషులు కూర్చునే బల్లల మీద. కుక్కలు తిరిగే చోట లేదు.

మొదటి మూడుసార్లు పొద్దున్నే ఆరు గంటల స్లాట్ దొరికింది కాబట్టి పెద్దగా ఇబ్బంది తెలియలేదు. తర్వాత ఉదయం స్లాట్లన్నీ నిండిపోయాయని సాయంత్రం నాలుగింటికి ఇచ్చారు. ఫోన్‌లో చూస్తే 33 డిగ్రీలు. సముద్రపు గాలి కూడా బాగానే వీస్తోంది, ఫరవాలేదులే అనుకున్నాను. నేను చేసిన పెద్ద తప్పు అదే. గాలి తగిలితే మనకు చల్లగా ఉండేది మన ఒంటి మీద చెమట ఆరుతుంది కాబట్టి. కుక్కకు చెమట పట్టేది దాదాపుగా అరికాళ్లలో మాత్రమే. మిగతా వేడిని చాలావరకు రొప్పుతూ బయటికి పంపాలి. అంటే నాలుక మీద, శ్వాసనాళంలో ఉన్న తేమ ఆవిరి కావాలి. గాలిలోనే తేమ నిండి ఉన్నప్పుడు అది సరిగా ఆవిరి కాదు. తీరంలో ఉక్కపోత ఉన్న రోజు 33 డిగ్రీలు, పొడి వాతావరణం ఉన్న చోటి 33 డిగ్రీలు కుక్కకు ఒకటి కావు. పగ్, బుల్‌డాగ్, షిట్‌జూ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకైతే ఇంకా ప్రమాదం, వాటికి మామూలుగానే ఊపిరి కష్టం. ఇదంతా డాక్టర్ గారు తర్వాత వివరంగా చెప్పారు. ముందే తెలిసి ఉంటే కారు దిగేదాన్నే కాదు.

పైగా అక్కడున్నది అసలు గడ్డి కాదు, ప్లాస్టిక్ గడ్డి. నిజమైన గడ్డి తనలోని తేమను వదులుతూ కాస్త చల్లగా ఉంటుంది. ప్లాస్టిక్ గడ్డి ఎండను పీల్చుకుని కాలిపోతుంది. చిట్టి బంతి కోసం నాలుగైదుసార్లు పరుగెత్తి, ఆగి, ముందు ఒక కాలు ఎత్తింది, అది దించి ఇంకో కాలు ఎత్తింది. ఆటలాడుతోంది అనుకున్నాను. తర్వాత చూస్తే ముందు కాళ్ల మెత్తల మీద నల్లటి పొర లేచిపోయి కింద ఎర్రగా పచ్చి మాంసం. ఆ దృశ్యం ఇప్పటికీ కళ్ల ముందు నుంచి పోవడం లేదు. మీరు ఎక్కడికి వెళ్లినా సరే, అరచేతి వెనక భాగాన్ని నేల మీద ఆనించి ఏడు సెకన్లు ఉంచండి. ఉంచలేకపోతే కుక్కను దించొద్దు.

నీళ్ల దగ్గరికి వస్తాను. ఒక సిమెంట్ తొట్టిలో నీళ్లు పెట్టారు. చిట్టి వాసన చూసి మూతి తిప్పేసింది. ఎప్పుడూ బురద నీళ్లకు కూడా ఎగబడే కుక్క అది. కాసేపటికి దాహం ఆగలేక గబగబా తాగేసింది. నాకెందుకో అనుమానం వచ్చి వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పగా ఉన్నాయి. తీరం దగ్గర బోర్లలోకి సముద్రపు నీరు ఊరి ఉప్పగా మారడం మామూలే. అడిగితే "బోరు నీళ్లేనండీ, అన్ని కుక్కలూ తాగుతాయి" అన్నారు. ఉప్పు నీళ్లు ఎక్కువ తాగితే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఇంకా ఎక్కువైతే రక్తంలో సోడియం పెరిగి మెదడు మీద ప్రభావం చూపి ఫిట్స్ దాకా వెళ్తుంది. చిట్టి ఆ తర్వాత రెండుసార్లు వాంతి చేసుకుంది. వేడి వల్లా, నీళ్ల వల్లా అంటే డాక్టర్ గారు కూడా తేల్చి చెప్పలేకపోయారు.

ఇరవై నిమిషాలకే దాని నడక మారింది. నాలుక వెడల్పై చివర గరిటెలా తిరిగింది. చొంగ తీగలు తీగలుగా సాగుతోంది. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు ఇటుక రంగులో ఉన్నాయి. వెనక కాళ్లు తూలుతున్నాయి, పిలిస్తే చూడటం లేదు. ఈ గుర్తుల్లో ఏది కనిపించినా ఇంక ఆలోచించకుండా వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేయండి.

అక్కడి అబ్బాయి పాపం కంగారుపడి తడి టవల్ తెచ్చి దాని మీద కప్పేశాడు. నేను మా డాక్టర్ గారికి ఫోన్ చేస్తే మొదట చెప్పిన మాట, "ముందు ఆ టవల్ తీసేయండి." కప్పి ఉంచిన తడి గుడ్డ కాసేపట్లో వేడెక్కి లోపలి వేడిని బయటికి పోనివ్వదట. ఒళ్లంతా చల్లటి నీళ్లు ధారగా పోస్తూ గాలి ఆడేలా చూడమన్నారు. బలవంతంగా నోట్లో నీళ్లు పోయొద్దన్నారు. ముందు చల్లబరచడం మొదలుపెట్టి తర్వాత బండి ఎక్కించమన్నారు. కారులో ఏసీ పూర్తిగా పెట్టి, దారి పొడుగునా సీసాలోని నీళ్లు దాని పొట్ట మీద, తొడల మధ్య పోస్తూనే ఉన్నాను. అంత చేసినా క్లినిక్‌కి చేరేసరికి 41.1 డిగ్రీలు. మామూలుగా కుక్క ఒంటి వేడి 38.3 నుంచి 39.2 మధ్య ఉంటుంది. 39.5కి దిగగానే నీళ్లు పోయడం ఆపేశారు, లేకపోతే అక్కడితో ఆగకుండా మరీ కిందికి పడిపోతుందట. వడదెబ్బ తర్వాత రెండు మూడు రోజుల దాకా కిడ్నీలు, లివర్, రక్తం గడ్డకట్టే గుణం దెబ్బతినే అవకాశం ఉంటుందని రాత్రంతా ఉంచుకుని మళ్లీ మళ్లీ రక్తపరీక్షలు చేశారు. ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.

ఇక పిడుదుల సంగతి. ఇది మూడోసారి వెళ్లినప్పుడే మొదలైంది. ఆ రోజు ఇంటికొచ్చాక చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో వెతికితే ఏడు దొరికాయి. ప్లాస్టిక్ గడ్డిలో పిడుదులేమిటి అనుకున్నాను. అవి గడ్డిలోంచి రావాలని ఏమీ లేదు. కుక్కల మీద ఉండే ఆ గోధుమరంగు పిడుదులు గోడ పగుళ్లలో, కంచె మొదట్లో, మూలన పడేసిన గోనెసంచుల్లో గుడ్లు పెట్టి అక్కడే బతుకుతాయి. ఆ పార్క్‌లో కంచె పొడుగునా అలాంటి సామానే. ఫోన్ చేసి చెబితే "మందు కొట్టిస్తాం" అన్నారు, అయిదు రోజుల తర్వాత వెళ్తే ఆ సంచులు అక్కడే ఉన్నాయి. మూడోసారి వెళ్లిన రోజు నుంచి లెక్కపెడితే 16వ రోజున చిట్టి తిండి మానేసింది. మర్నాడు పొద్దున నేల మీద ఒక రక్తపు చుక్క. ముక్కులోంచి. పరీక్షలో ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి, టిక్ ఫీవర్ తెచ్చే ఎర్లిషియా అనే బ్యాక్టీరియా అని తేలింది. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 28 రోజులు. ఆ ఏడింటిలో ఒకటే కారణమని నేను నిరూపించలేను. ఆ నెల టిక్ మందు వేయడం వారం ఆలస్యం చేశాను, ఆ తప్పు నాదే. మీరు మాత్రం ఆ మందు తేదీ దాటనివ్వకండి. తీరప్రాంతాల్లో దోమలూ ఎక్కువే కాబట్టి దోమకాటుతో వచ్చే గుండెపురుగు రాకుండా నెలనెలా ఇచ్చే మందు గురించి కూడా అడిగి తెలుసుకోండి.

గేటు గురించి రాయకపోతే ఇదంతా రాసి ప్రయోజనం లేదు. అక్కడ ఒకటే గేటు. గడియ విరిగితే తీగతో కట్టారు. ఒకరోజు ఎవరో లోపలికి వస్తుంటే వాళ్ల కాళ్ల మధ్యలోంచి ఒక చిన్న కుక్క జారిపోయి నేరుగా రోడ్డు మీదికి పరుగెత్తింది. ఎదురుగా వస్తున్న బండి మనిషి సడన్ బ్రేక్ వేశాడు కాబట్టి బతికింది. లీష్ లేని పార్క్‌కి రెండు గేట్లు ఉండాలి. ఒకటి మూశాకే రెండోది తీయాలి, మధ్యలో నిలబడి లీష్ విప్పాలి. అమెరికన్ కెన్నెల్ క్లబ్ సూచనల్లో కూడా 4 నుంచి 6 అడుగుల కంచె, రెండు గేట్ల ప్రవేశం, చిన్న కుక్కలకూ పెద్ద కుక్కలకూ విడివిడి స్థలాలు ఉండాలని ఉంటుంది. ఇక్కడ పెద్దవీ చిన్నవీ ఒకే చోట. టీకాల కార్డు ఫోటో పంపమన్నారు, పంపాను, గేటు దగ్గర ఒక్కసారి కూడా ఎవరూ అడగలేదు. నా కార్డు అడగలేదంటే పక్క కుక్క కార్డూ అడగలేదనే కదా. కుక్కపిల్లలకు ప్రాణాంతకమైన వాంతులు, విరేచనాలు తెచ్చే పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతికి ఉంటుంది. టీకాలన్నీ పూర్తికాని పిల్లను అలాంటి చోటికి తీసుకెళ్లకండి, దయచేసి.

డబ్బు వెనక్కి అడిగితే నేను సంతకం పెట్టిన కాగితం చూపించారు. ఏం జరిగినా బాధ్యత యజమానిదే, వారం దాటితే రిఫండ్ లేదు. చదవకుండా సంతకం పెట్టాను. ఉదయం స్లాట్ ఇస్తామని నోటిమాటగా చెప్పిందేదీ ఆ కాగితంలో లేదు. ఒక్కరోజు పాస్ అడిగినప్పుడు "మా దగ్గర ఏడాది ప్లానే ఉంది" అన్నారు. అప్పుడే వెనక్కి తిరగాల్సింది. బాగున్న పార్క్ వాళ్లు ఒక్కరోజు చూసుకోమనడానికి భయపడరు.

"ఈ గొడవంతా ఎందుకు, బీచ్‌కే తీసుకెళ్లొచ్చుగా" అని చాలామంది అన్నారు. తెల్లవారుజామున, కుక్కలకు అనుమతి ఉన్న చోట, పొడుగాటి తాడుతో అయితే సరే. కానీ ఎండెక్కితే ఇసుక కూడా బాగా కాలుతుంది. బంతి కోసం అలల్లోకి దూకిన ప్రతిసారీ ఉప్పునీళ్లు మింగుతుంది. ఒడ్డున పడి ఉన్న గాలాలు, జెల్లీఫిష్‌లు ఉంటాయి. చచ్చిపడిన చేపల్లో పఫర్ చేప ఒకటి ఉన్నా ప్రాణం మీదికి వస్తుంది. తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో చాలా తీరాల్లో కుక్కల్ని రానివ్వరు, అది పాటించాల్సిందే.

ఇప్పుడు మేము వెళ్లేది పెద్ద హంగులేమీ లేని మట్టి నేల. చెట్లున్నాయి, రెండు గేట్లున్నాయి, కుళాయి నీళ్లు తియ్యగా ఉన్నాయి. ఈసారి చిట్టిని ఇంట్లో వదిలేసి నేనొక్కదాన్నే ముందు వెళ్లాను, అదీ సాయంత్రం నాలుగింటికి. అరగంట ఊరికే నిలబడ్డాను. నేల మీద చెయ్యి పెట్టి చూశాను, నీళ్లు రుచి చూశాను, వాన పడ్డ చోట మడుగులు కట్టి ఉన్నాయేమో చూశాను. నిలవనీళ్లలో ఎలుకల మూత్రం కలిస్తే లెప్టో (లెప్టోస్పైరోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు) వస్తుంది, అది మనుషులకూ అంటుకుంటుంది. అన్నిటికన్నా ఎక్కువ చెప్పింది మాత్రం అక్కడున్న కుక్కలే. చెట్టు కింద సాగిలపడి పడుకుని, లేచి ఆడి, మళ్లీ నీడలోకే వెళ్తున్నాయి. పాత పార్క్‌లో అవి గేటు దగ్గరే నిలబడి యజమానుల మొహాలు చూసేవి. అది నేను మూడుసార్లు చూసి కూడా పట్టించుకోలేదు.

ఇప్పటికే ఇలాంటి చోట డబ్బు కట్టేసి ఉంటే, స్లాట్ సూర్యుడు ఎక్కకముందే ఇస్తామని మెసేజ్‌లో రాయించుకోండి. నీళ్లు ఇంటి నుంచే తీసుకెళ్లండి, తాగడానికి ఒక సీసా, ఒంటి మీద పోయడానికి రెండు. లోపలికి వెళ్లాక గేటు మూసి, గడియ పడిందని చేత్తో లాగి చూసుకున్నాకే లీష్ విప్పండి. ఇంటికొచ్చిన వెంటనే చెవులు, వేళ్ల సందులు, మెడపట్టీ కింద వెతకండి.