సంకర పిల్లులు: పూర్తి నిషేధమా, తరాల పరిమితా?

ఆస్ట్రేలియా రెండు దారులూ నడిచి చూసింది. సర్వల్ అనే ఆఫ్రికా అడవి పిల్లి, పెంపుడు పిల్లి కలిస్తే పుట్టే సవానా పిల్లుల దిగుమతిని 2008లో పూర్తిగా ఆపేసింది. మన అడవుల్లోనూ తిరిగే చిరుతపిల్లి అనే చిన్న అడవి పిల్లి రక్తమున్న బెంగాల్ పిల్లికి మాత్రం అప్పట్లో, అడవి పూర్వీకుడికి 5 తరాల దూరం ఉంటే చాలంది.

ఖర్చు: నిషేధానిది సరిహద్దు దగ్గరే తేలిపోతుంది. పరిమితికి నిఘా ఏటా తప్పదు.

శ్రమ: నిషేధంలో ఒకే ప్రశ్న, ఏ జాతి అని. పరిమితిలో వంశావళి పత్రాలు తిరగేయాలి. అవి రాసేది పిల్లిని అమ్ముకునేవాళ్లే, అదీ తమాషా!

ప్రమాదం: అసలు గొడవ ఇక్కడే. మొదటి తరాల మగ సంకరాలకు సాధారణంగా సంతానం కలగదు, ఆడవాటికి కలుగుతుంది. తప్పించుకున్న ఒక్క ఆడపిల్లి ఊరపిల్లులతో కలిస్తే పొడవాటి కాళ్లూ, ఎత్తుకు ఎగిరే సత్తువా అడవిలోకి చేరతాయి. బిల్బీల వంటి చిన్న జీవుల కోసం అక్కడ వేసే కంచెలు దాదాపు 1.8 మీటర్ల ఎత్తే. మామూలు పిల్లులకే అక్కడ 20కి పైగా స్థానిక జాతులు అంతరించడంలో వాటా ఉంది.

జాతి ఇంకా దేశంలో అడుగుపెట్టకపోతే నిషేధమే మేలు. ఇప్పటికే ఇళ్లలో ఉంటే ఆ నిషేధం దొంగచాటు పెంపకానికి దారితీయవచ్చు. అప్పుడు తరాల పరిమితే నయం, అయితే గుర్తింపు చిప్, కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స, గడప దాటనివ్వకపోవడం కూడా తప్పనిసరి చేయాలి.