ప్రెసిషన్ రైఫిల్ క్లినిక్: రెండున్నరేళ్ల తర్వాత నా అనుభవం

"అన్నా, నేను కూడా రైఫిల్ షూటింగ్ మ్యాచ్‌లకు వద్దామనుకుంటున్నా, ఏ రైఫిల్ కొనమంటావు?" అని ఇక్కడ అమెరికాలోని తెలుగు మిత్రులు అప్పుడప్పుడు అడుగుతుంటారు. రైఫిల్ సంగతి తర్వాత, ముందు క్లినిక్‌కి, అంటే ఈ ఆట నేర్పే రెండు రోజుల శిక్షణకి, వెళ్లమని చెప్తాను. క్లినిక్ అయిన మర్నాడే ఈ మాట చెప్పి ఉంటే ఉత్సాహం కొద్దీ చెప్పినట్టు ఉండేది. అందుకే అప్పుడు సమీక్ష రాయలేదు. ఆ తర్వాత టెక్సస్‌లో ఇరవై దాకా ఒక్కరోజు మ్యాచ్‌లు, రెండు పెద్ద మ్యాచ్‌లు ఆడాను. క్లినిక్ రెండు రోజుల్లో నేర్చుకున్నదాంట్లో ఏది నాతో నిలిచిందో, ఏది నిలవలేదో ఇప్పుడు చెప్పగలను.

ఈ ఆట తెలియనివాళ్లకు నాలుగు మాటలు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ వేరు, ఇది వేరు. అక్కడ దూరం మారదు, భంగిమ మారదు, గాలి ఉండదు. ఇక్కడ ఉక్కు పలకలు 300 గజాల నుంచి 1,000 గజాలు దాటి కూడా ఉంటాయి. ఒక్కో స్టేజీకి, అంటే మ్యాచ్‌లో ఒక్కో అంచెకు, 90 సెకన్లో రెండు నిమిషాలో ఇస్తారు, ఎనిమిదో పదో తూటాలు కాల్చాలి. హాయిగా పడుకుని కాల్చేది తక్కువ. పశువుల గేటు మీద, పీపాల మీద, ఇంటి కప్పులా వాల్చిన చెక్కల మీద, టైర్ల మీద రైఫిల్ పెట్టి కాల్చాలి. తగిలితే పాయింటు, తగలకపోతే లేదు. అమెరికాలో 2012లో మొదలైన ప్రెసిషన్ రైఫిల్ సిరీస్, అంటే పి.ఆర్.ఎస్., వల్ల ఈ ఆట ఇంతమందికి చేరింది.

నేను నెల్లూరులో డిగ్రీ చదివేటప్పుడు ఎన్.సి.సి.లో పాయింట్ 22 (సన్న తూటా) రైఫిల్‌తో 25 మీటర్ల గ్రూపింగ్ కాల్చాను. అయిదు తూటాలూ దగ్గర దగ్గరగా పడితే చాలు, భుజం తట్టేవాళ్లు. ఆ ధైర్యంతోనే క్లినిక్ కంటే ముందు ఒక మ్యాచ్‌కి వెళ్లాను. 6.5 క్రీడ్‌మూర్ అనే తూటా వాడే రైఫిల్, ఖరీదైన స్కోప్, బెంచి మీద 100 గజాల్లో అర అంగుళం గ్రూపులు. మ్యాచ్‌లో 88 తూటాలకు 24 తగిలాయి. మూడు స్టేజీల్లో అసలు టార్గెట్ కనబడేలోపే టైమ్ అయిపోయింది. రైఫిల్‌లో లోపం ఏమీ లేదు. గేటు మీద దాన్ని ఎలా నిలబెట్టాలో నాకు ఎవరూ చెప్పలేదు, అంతే.

క్లినిక్ శని, ఆదివారాలు. ఫీజు 400 డాలర్లు, తూటాలు మనవే. మొదటి రోజు పొద్దున మూడు గంటలు ఒక్క తూటా కూడా కాల్చనివ్వలేదు. అప్పుడు విసుగనిపించింది కానీ, నాకు ఎక్కువ పనికొచ్చింది ఆ మూడు గంటలే. మెట్లుగా కోసిన చెక్క బారికేడ్ దగ్గర ఖాళీ రైఫిల్‌తో ఒకే పని మళ్లీ మళ్లీ చేయించారు. ముందు రైఫిల్ ఆనించే సంచి పెట్టు. దాని మీద రైఫిల్ బరువు సమంగా ఆగేలా పెట్టు. స్కోప్ పైనుంచి మామూలు కంటితో టార్గెట్ వైపు చూసి, బారెల్ అటే ఉందో లేదో సరిచూసుకో. అప్పుడు చెంప ఆనించు. టార్గెట్ కనిపించాకే బోల్ట్ (తూటాను లోపలికి నెట్టి మూసే కడ్డీ) మూయి. స్కోప్ 25 రెట్లలో ఉంచితే చుట్టుపక్కల ఏమీ కనబడదు కాబట్టి 12, 15 మధ్య పెట్టుకోమన్నారు. ఈ ఒక్క మార్పుతోనే నాకు స్టేజీకి పది సెకన్ల పైన మిగిలింది.

ఇంకొకటి, కళ్లు మూసుకుని ఊపిరి వదిలి మళ్లీ తెరవమనేవాళ్లు. గురి పక్కకు జరిగి ఉంటే చేతులతో లాగి సరిచేయకూడదు, మోకాళ్లు, నడుము కదిపి ఒళ్లంతా సర్దుకోవాలి. బలవంతంగా పట్టి ఉంచిన రైఫిల్ ట్రిగ్గర్ నొక్కగానే తన దారిన పోతుంది. భుజాలు రెండూ రైఫిల్ వెనక నేరుగా ఉంటే రైఫిల్ తన్నే దెబ్బ కూడా నేరుగా వెనక్కి వస్తుంది, పేలిన తర్వాత కూడా స్కోప్‌లో టార్గెట్ కనిపిస్తూనే ఉంటుంది. మన గుండు పలకకు కుడివైపు మట్టి లేపిందో, ఎడమవైపు లేపిందో మనమే చూసుకోవచ్చు. ఆ చూపు లేకపోతే రెండో తూటా కూడా గుడ్డిగా కాల్చినట్టే.

ఇంట్లో వారానికి మూడు రోజులు, ఇరవై నిమిషాలు, ఖాళీ రైఫిల్‌తో స్టెప్ స్టూలు మీద, కుర్చీ వీపు మీద ఇదే చేస్తాను. తూటాలు వేరే గదిలో బీరువాలో తాళం వేసి ఉంటాయి. ఈ పద్ధతి కూడా క్లినిక్‌లో చెప్పిందే.

భద్రత విషయంలో వాళ్లు చూపిన కచ్చితత్వానికి నేను నిజంగా రుణపడి ఉన్నాను. ఒక చోటు నుంచి ఇంకో చోటికి కదిలేటప్పుడు బోల్ట్ వెనక్కి తెరిచి ఉండాలి. స్టేజీ అయ్యాక చాంబర్‌లో (తూటా కూర్చునే చోట), అది ఖాళీ అని చూపే రంగు జెండా కనబడాలి. మా బ్యాచ్‌లో ఒకతను బోల్ట్ మూసి మోకాలి మీద నుంచి లేవబోయాడు. ఇన్‌స్ట్రక్టర్ అరవలేదు, భుజం మీద చెయ్యి వేసి ఆపి, అందరినీ పిలిచి చూపించాడు. మ్యాచ్‌లో అయితే అక్కడితో ఇంటికే. ఇప్పటికీ కదిలే ముందు నా కుడిచెయ్యి తనంతట తానే బోల్ట్‌ను వెనక్కి లాగుతుంది.

ఇక లోటు. గాలి. గాలికి వాళ్లు ఇచ్చింది ఆదివారం మధ్యాహ్నం గంటన్నర. లెక్క బాగానే చెప్పారు. నా రైఫిల్‌కు గంటకు 6 మైళ్ల అడ్డగాలి ఉంటే 100 గజాలకు 0.1 మిల్ (ఒక మిల్ అంటే దూరంలో వెయ్యో వంతు) చొప్పున, అంటే 600 గజాలకు 0.6 మిల్ పక్కకు పట్టాలి. గాలి కాల్చే దిశకు 30 డిగ్రీల కోణంలో వస్తే అందులో సగం. ఈ లెక్క ఇప్పటికీ నా మణికట్టు కార్డు మీద ఉంది. కానీ ఆ రోజు గాలి దాదాపు లేదు. 600 గజాల దగ్గర 12 అంగుళాల పలక మిల్‌లో సగానికి కాస్త ఎక్కువ వెడల్పు ఉంటుంది. గాలిని 3 మైళ్లు తప్పుగా అంచనా వేస్తే నడిమధ్యకు పట్టిన గుండు అంచు దాటిపోతుంది. ఆ అంచనా గడ్డి ఊగడం చూసి, వేడికి కనబడే గాలి అలలు చూసి, మన ముందు కాల్చినవాళ్ల గుండ్లు ఎక్కడ పడుతున్నాయో చూసి మెల్లగా రావాలి. నాకు అది మ్యాచ్‌లలో మా స్క్వాడ్ (కలిసి వంతులవారీగా కాల్చే జట్టు) పెద్దవాళ్ల పక్కన కూర్చుని బైనాక్యులర్స్‌లో చూస్తేనే వచ్చింది. అడిగితే దాచుకోకుండా చెప్పేవాళ్లే ఎక్కువ.

పద్నాలుగు మందికి ఇద్దరే ఇన్‌స్ట్రక్టర్లు ఉండటం కూడా నచ్చలేదు. రెండో రోజు నా వంతు కోసం ఎండలో నలభై నిమిషాలు కూర్చున్నాను. మీరు చేరే ముందు ఒక్కొక్కరికి ఎంతమంది విద్యార్థులో అడగండి. నలుగురైదుగురు మించితే ఇంకోటి వెతుక్కోండి.

స్కోర్లు చెప్పాలంటే, క్లినిక్ తర్వాత మొదటి మ్యాచ్‌లో 90కి 47 తగిలాయి. ఇప్పుడు మామూలుగా అరవై దాటుతున్నాయి. మొదటి దూకుడు క్లినిక్ పుణ్యం, ఆ తర్వాతి మెల్లని పెరుగుదల గాలి నేర్చుకోవడం వల్ల.

మనవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం సాధారణంగా ఒప్పుకోదు. వేట లైసెన్స్ లాంటి మినహాయింపులు కొన్ని ఉన్నాయి. రేంజిలో అద్దెకు తీసుకోవడం కూడా ఆ నిషేధం కిందికే వస్తుంది. ఫ్రెండు రైఫిలే కదా అని చెయ్యి వేయకండి, ముందు లాయర్‌ని కనుక్కోండి. నేను గ్రీన్ కార్డు వచ్చేదాకా ఆగాను.

ఖర్చుకు భయపడేవాళ్లు పాయింట్ 22 మ్యాచ్‌లతో మొదలుపెట్టండి. ఎన్.ఆర్.ఎల్.22 అనే పాయింట్ 22 పోటీల సిరీస్ మ్యాచ్‌లలో దూరం 100 గజాలు దాటదు. తూటా ఖరీదు పెద్ద రైఫిల్ తూటాలో చిన్న వంతే. అవే గేట్లు, అవే పీపాలు, అదే గడియారం. క్లినిక్‌కి కూడా ఆ రైఫిల్‌తోనే రావచ్చేమో అడిగి చూడండి, మావాళ్లు రానిచ్చారు. రైఫిల్ ఏదైనా ముందే 100 గజాలకు (పాయింట్ 22 అయితే 50కి) జీరో చేసుకుని, అంటే ఆ దూరంలో గురి పెట్టినచోటే గుండు పడేలా స్కోప్ సరిచేసుకుని, రండి. మా బ్యాచ్‌లో ముగ్గురు అలా రాకపోవడంతో శనివారం మధ్యాహ్నం సగం వాళ్ల జీరోకే పోయింది.

పోయిన ఏడాది నుంచి నేను అదే క్లినిక్‌లో వాలంటీర్‌గా సాయం చేస్తున్నాను. వచ్చే నెల పీపాల స్టేజీ నాకు అప్పగించారు. చాంబర్ జెండాలు ఓ డజను ఎక్కువే కొని సంచిలో పెట్టుకున్నాను, ఎవరో ఒకరు మరిచిపోయి వస్తారు.