చిల్లర నాణేల్లో అచ్చు తేడాలు పట్టడానికి ఏది మేలు: లూపా, యూఎస్‌బీ మైక్రోస్కోపా?

మొదట ఒక్కటే కొనేట్టయితే 10ఎక్స్ లూప్, అంటే పది రెట్లు పెద్దగా చూపే చిన్న చేతి భూతద్దం కొనండి. తెర మీద నాణెం పళ్లెమంత కనిపిస్తుందని చాలామంది మైక్రోస్కోపు వైపు మొగ్గుతారు, చిక్కంతా అక్కడే. 100 రెట్లు పెంచితే ప్రతి గీతా, ప్రతి గాటూ వింతగానే ఉంటుంది. 1955 నాటి అమెరికా సెంటు మీద రెండుగా పడ్డ తేదీ ఉత్త కంటికే తెలుస్తుంది. పేరున్న అచ్చు తేడాల్లో చాలావాటికి 5 నుంచి 10 రెట్లు సరిపోతుంది.

వెలుతురు సంగతి ఇంకా ముఖ్యం. మైక్రోస్కోపు కటకం చుట్టూ ఉండే ఎల్‌ఈడీల మెరుపు అక్షరాల అంచున పడి, లేని రెండో గీతను చూపిస్తుంది. లూపైతే కంటికి దగ్గరగా పెట్టుకుని, నాణేన్ని రెండున్నర సెంటీమీటర్ల దూరానికి తెచ్చి, పక్కనుంచి ఏటవాలుగా ఒకే దీపం పడేట్టు చూసుకోవాలి. నాణేన్ని మెల్లగా తిప్పండి. మెరుపైతే జరిగిపోతుంది, లోహంలో ఉన్నదైతే అక్కడే ఉంటుంది.

ఎక్కువమంది బోల్తా పడేది మెషీన్ డబ్లింగ్ దగ్గర. నాణెం కొట్టే క్షణంలో డై, అంటే ముద్ర వేసే ఉక్కు అచ్చు, కాస్త కదిలితే, అప్పటికే లేచిన అక్షరం ఒక పక్క అణిగిపోతుంది. అక్కడ చదునైన మెట్టు కనిపిస్తుంది, అసలు అక్షరం సన్నబడుతుంది. దానికి అదనపు విలువ ఉండదు. అసలైన డబుల్డ్ డైలో రెండు ముద్రలూ డైలోనే ఉంటాయి. అందుకే అక్షరం లావవుతుంది, రెండో ముద్ర కూడా గుండ్రంగా ఉబ్బి ఉంటుంది, మూలల్లో చీలిక కనిపిస్తుంది. అరిగిన డై వల్ల వచ్చే మసక డబ్లింగ్ ఈ రెండింటికీ వేరు. అదీ లెక్కలోకి రాదు. లూపులో చీలిక దొరకకపోతే మైక్రోస్కోపులో వెతికి తెచ్చుకోవద్దు.

మరి మైక్రోస్కోపు దండగా? కాదు. డైని ఒకే నొక్కుతో తయారుచేసే పద్ధతి వచ్చాక డబ్లింగ్ ఎక్కువగా బొమ్మ నడిమి భాగంలో, చాలా చిన్నగా ఉంటోంది. అలాంటిదాన్నీ, సన్నటి డై పగుళ్లనీ తెలిసిన ఫొటోలతో పోల్చాలంటే 20 నుంచి 50 రెట్లలో స్టాండు మీద పెట్టి చూడాల్సిందే. డై పగులు నాణెం మీద ఉబ్బెత్తుగా వస్తుంది. లోపలికి దిగి ఉంటే అది టంకశాల దాటాక పడ్డ గీతే.

రెండో కొనుగోలు మాత్రం మైక్రోస్కోపు కాదు, 0.01 గ్రాము చూపే తూకం. వేరే లోహపు బిళ్ల మీదో, పైపొర ఊడిన బిళ్ల మీదో కొట్టిన నాణేన్ని ఏ కటకమూ ఖాయంగా చెప్పలేదు. 1982 అమెరికా సెంట్లలో రాగివి 3.11 గ్రాములు, రాగి పూతేసిన జింకువి 2.5 గ్రాములు. చూపుకి రెండూ ఒకటే! అరిగిన నాణెం కొంత తక్కువ తూగుతుంది కాబట్టి చిన్న తేడాకే పొరపాటు నాణెమని తేల్చకండి.

రెండు వైపుల ముద్రలూ ఒకదానికొకటి తిరిగిపోయిన నాణేలకైతే ఏ పరికరమూ అక్కర్లేదు. పైఅంచునీ కిందిఅంచునీ రెండు వేళ్లతో పట్టుకుని తిప్పితే చాలు.