కాశీలో మా ఫోన్లకి దర్శనం కాలేదు

కాశీ 2016లోనే స్మార్ట్ సిటీల జాబితాలోకి ఎక్కిందని మా ఆయన రైల్లోనే పాఠం మొదలుపెట్టారు. అక్కడి సిగ్రా పేటలో పెద్ద కంట్రోల్ రూమ్ ఉందట, ఊరంతా కెమెరాలట. "ఫోన్ చాలు, నోట్లెందుకు?" అన్నారు. అత్తయ్య వినిపించుకోకుండా కొంగున పది వందనోట్లు ముడేసుకున్నారు.

సత్రంలో గది రోజుకి 900. శుభ్రంగా ఉంది, వంక పెట్టను.

మర్నాడు మొదలైంది తంటా. విశ్వనాథుడి గుళ్లో సుగమ్ దర్శన్ టికెట్లు, అంటే డబ్బు కట్టి త్వరగా వెళ్లే దర్శనానివి, మనిషికి 300 చొప్పున ఆన్‌లైన్లో ముందే కొన్నాం. గేటు దగ్గర పోలీసు ఫోన్ చూసి తల అడ్డంగా ఊపాడు. గుళ్లోకి ఫోన్ రానివ్వరు. మా టికెట్లేమో ఫోన్లోనే! ప్రింటు తీసుకోకపోవడం మా తప్పే, ఒప్పుకుంటాను. సందు చివర జిరాక్స్ కొట్టువాడు మూడు కాగితాలకి 60 లాగాడు.

అసలు దెబ్బ లాకరు దగ్గర తగిలింది. "లాకర్ ఫ్రీ" అని చెయ్యి పట్టుకుని లాగినంత పని చేసిన కొట్టువాడు, తీరా లోపలికెళ్లాక ప్రసాదం బుట్ట కొంటేనే ఫ్రీ అన్నాడు. 501 చెప్పి, బేరమాడితే 351కి దిగాడు. బుట్టలో నాలుగు పేడాలు, గుప్పెడు మారేడు దళాలు, ప్లాస్టిక్‌దేనని నాకు గట్టి అనుమానమున్న రుద్రాక్షమాల. స్కాన్ చేయగానే గల్లాపెట్టె మీది డబ్బా నా 351 ముట్టాయని హిందీలో వీధంతా వినపడేలా చాటింది.

బయటికొచ్చాక అత్తయ్య తామరపువ్వు కావాలన్నారు. పూలమ్మి గంపకి క్యూఆర్ అట్ట వేలాడుతోంది. మా ఫోన్లేమో లాకర్లో. అత్తయ్య ఒక్క మాటా అనలేదు. నింపాదిగా కొంగుముడి విప్పుతూ కొడుకు వైపు ఓ చూపు చూశారంతే.

2021 డిసెంబరులో తెరిచిన కారిడార్ మాత్రం హాయి. గుడి నుంచి గంగ దాకా ఎక్కడా ఇరుకు లేదు. దర్శనం ఇరవై నిమిషాల్లో అయిపోయింది.

తిరిగొచ్చేసరికి ఆ కొట్టు ఏదో తెలియలేదు. అన్నిటికీ అదే బోర్డు, అవే బుట్టలు. దారి చూపే మ్యాప్ కూడా లాకర్లోనే. చెప్పుల్లేకుండా అరగంట తిరిగాం. చివరికి అత్తయ్యే, పొద్దున పచ్చతలుపు ముందు పడుకున్న ఆవుని గుర్తుపట్టారు. అది ఇంకా అక్కడే ఉంది.

వెళ్లేవాళ్లు ఫోన్లు గదిలోనే వదిలేయండి. ప్రింటూ చిల్లరా దగ్గర పెట్టుకోండి. "ఫ్రీ" అన్న మాట వినగానే నడక పెంచండి.

సాయంత్రం సీఎన్‌జీ పడవ ఎక్కాం, మనిషికి 200. డీజిల్ కంపు లేదు, హారతి బాగా కనిపించింది. పడవవాడికి ఫోన్‌తో డబ్బు కట్టాకే మా ఆయన మొహం విప్పారింది. అత్తయ్య ముడిలో ఇంకా తొమ్మిది నోట్లున్నాయి.