డౌటా, సస్పెక్టా: ఏది వాడితే మేలు?

తెలుగులో అనుమానం అనే మాట ఒక్కటే రెండు పనులు చేస్తుంది. "వాడు వస్తాడా అన్నది అనుమానమే" అంటే రాడేమో అని. "వాడే తీశాడని నా అనుమానం" అంటే వాడే తీసి ఉంటాడని. ఇంట్లో ఎవరికీ తికమక రాదు, 'వస్తాడా' అన్నామో 'తీశాడని' అన్నామో విన్న చెవి దాన్ని పట్టేసుకుంటుంది. చిక్కంతా అదే వాక్యం ఇంగ్లిష్‌లో చెప్పాల్సి వచ్చినప్పుడే, ఎందుకంటే మన నోటికి మొదట వచ్చేది డౌట్.

ఇంగ్లిష్‌లో "ఐ డౌట్" అంటే అలా జరగలేదనో, జరగదనో మనం అనుకుంటున్నట్టు. "ఐ సస్పెక్ట్" అంటే జరిగే ఉంటుందని అనుకుంటున్నట్టు. అంటే దాదాపు ఎదురెదురు అర్థాలు!

ఆఫీసు మెయిల్‌నే తీసుకోండి. హైదరాబాద్‌లో ఒకాయన "ఐ డౌట్ ద సర్వర్ ఈజ్ డౌన్" అని రాస్తాడు, సర్వర్ పడిపోయిందేమో కాస్త చూడండి అని ఆయన ఉద్దేశం. అమెరికాలో చదివినాయనకు మాత్రం సర్వర్ బాగానే ఉంది, తప్పు ఇంకెక్కడో ఉంది అని అర్థమవుతుంది, దాంతో ఆయన సర్వర్ జోలికే పోకుండా కోడ్ అంతా గాలిస్తూ కూర్చుంటాడు. ఇద్దరికీ ఇంగ్లిష్ వచ్చు, ఇద్దరూ బుద్ధిగానే పని చేశారు, అయినా పూట పోయింది. అదే మాట జ్వరం విషయంలో వస్తే ఇంకా ప్రమాదం. "డాక్టర్ డౌట్స్ డెంగీ" అని విదేశంలో ఉన్న కొడుక్కి మెసేజ్ పెడితే, ఇంగ్లిష్ ప్రకారం డాక్టరుగారు డెంగీ కాదనుకుంటున్నట్టే లెక్క. ఆస్పత్రిలో ఎవరూ అలా రాయరు, "సస్పెక్టెడ్ డెంగీ" అని రాసి ఎన్‌ఎస్1 టెస్టుకు పంపుతారు.

కోర్టులో అయితే ఈ రెండు మాటలూ చెరో పక్కన నిలబడతాయి. పోలీసులు వెతికేది సస్పెక్ట్ కోసం, ముద్దాయి తరఫు లాయరు జడ్జిగారి మనసులో కలిగించాలని చూసేది డౌట్. ఈ జంటను గుర్తుపెట్టుకుంటే చాలు, ఇక తడబడరు.

డౌట్‌ను మనలా వాడటం బొత్తిగా తప్పేనా అంటే, పాత ఇంగ్లిష్‌లో అదీ ఉంది. షేక్‌స్పియర్ హామ్లెట్‌లో "ఐ డౌట్ సమ్ ఫౌల్ ప్లే" అన్న మాటకు ఏదో మోసం జరిగిందని నా అనుమానం అనే అర్థం. కానీ అది నాలుగు వందల ఏళ్ల కిందటి సంగతి, ఇవాళ్టి మెయిల్‌కి ఆ సాక్ష్యం పనికిరాదు.

నా మట్టుకు నేను సస్పెక్ట్‌కే ఓటేస్తాను, ఒక్క జాగ్రత్తతో. విషయం గురించైతే "ఐ సస్పెక్ట్ ద కేబుల్ ఈజ్ లూజ్" అనడంలో ఏ ఇబ్బందీ లేదు, అదే "ఐ సస్పెక్ట్ యూ" అన్నారంటే ఎదుటివాడిని దొంగను చేసినట్టే. అలాంటిచోట "ఐ థింక్" అని సరిపెట్టుకోవడం మర్యాద.

ఇక క్లాసులో "సార్, ఐ హ్యావ్ ఎ డౌట్" సంగతి. అమీర్‌పేట కోచింగ్ సెంటర్‌లో నిశ్చింతగా అనండి, అక్కడ అందరికీ అర్థమయ్యేది అదే. బయటి దేశం యూనివర్సిటీలో మాత్రం "క్వశ్చన్" అనండి, లేకపోతే ఆ ప్రొఫెసర్ తను చెప్పిందాన్ని మీరు నమ్మడం లేదనుకునే వీలుంది.